చిలికా టూరు పాంప్లెట్‌లో ‘గ్యారంటీ’ అన్న మాట తీసెయ్యి తమ్మీ

మిర్యాలగూడ నుంచి సంక్రాంతి సెలవుల్లో నలభై మందిని ఒడిశాలోని చిలికా సరస్సుకు తీసుకుపోవాలని నీ ఆలోచన. పాంప్లెట్ అచ్చుకు ఇయ్యబోతున్నవు. అందులో ‘డాల్ఫిన్లు 100 శాతం గ్యారంటీ, కనబడకపోతే పైసలు వాపస్’ అని రాయొచ్చా అని అడిగినవు. బోటువాళ్లు ఫోన్లో ‘పక్కా చూపిస్తం’ అన్నరట. పిల్లలు దగ్గరికి పోయి ముట్టుకోవచ్చా, వచ్చే ఏడాది శ్రీలంకలో తిమింగలాల టూరు పెడితే ఎట్లుంటది, మన నాగార్జునసాగర్‌లో ఇట్లాంటిది ఏమన్నా ఉందా అని కూడా అడిగినవు. నేను నల్లగొండలో డిగ్రీ కాలేజీ పిల్లలకు చాలా ఏండ్లు జువాలజీ చెప్పిన. చిలికాకు పదిసార్లకు పైగా టూర్లు తీసుకుపోయిన. అందుకే జర పొడుగ్గనే చెప్తా.

గ్యారంటీ రాయకు. నీకు నష్టం వస్తదని చెప్తలేను, నిజానికి నువ్వు నష్టపోవు. చిలికాలో సాతపాడ అనే ఊరి దగ్గర చలికాలం పొద్దున పూట బోటెక్కితే ఎక్కువసార్లు కనబడతయి. ఇబ్బంది వేరే దగ్గరున్నది. గ్యారంటీ ఇచ్చుడంటే డాల్ఫిన్ పేరు మీద నువ్వు ప్రామిసరీ నోటు రాసిచ్చినట్టు. ఆ నోటు వసూలు చేయాల్సింది బోటు నడిపే మనిషి. గంటన్నరలో వసూలు కాకపోతే ఆయన డీజిల్ పైసలు మునుగుతయి. ఇగ ఏం చేస్తడు? ఎక్కడ వీపు తేలితే అక్కడికి ఇంజన్ ఎత్తుకొని ఉరుకుతడు. నీ పాంప్లెట్‌లోని ఆ ఒక్క లైనే అక్కడ నీళ్ల మీద తరుముడు అయితది.

ఇది పుస్తకంలో చదివి చెప్పుడు కాదు, నేను చేసిన తప్పే. ఇరవై ఏండ్ల కిందటి మాట. ముప్పై రెండు మంది పిల్లలతో పోయినం. నాలుగు బోట్లు మాట్లాడినం. ‘చూపిస్తేనే పూర్తి పైసలు’ అని ఒడ్డు మీదనే బేరం పెట్టింది నేనే, చాలా తెలివిగా మాట్లాడిన అనుకున్న. అరగంట పోయినంక ఒక తల్లి, పక్కనే చిన్న పిల్ల కనబడ్డయి. మావి నాలుగు, వేరే ఊరోళ్లవి మూడు, మొత్తం ఏడు బోట్లు చుట్టూ చేరినయి. మా పిల్లలు ఈలలు, కేకలు. నేను కూడా లేచి నిలబడి ‘ముందుకు పోనియ్, ముందుకు పోనియ్’ అన్న. తల్లి మునిగిన చోట ఇంకో బోటు అడ్డం వచ్చింది. రెండుసార్లు తేలినయి, రెండుసార్లూ వాటి ముంగటనే ఇంజన్. మూడోసారి తేలలేదు. ఎటుపోయినయో తెల్వదు. వాపస్ వచ్చేటప్పుడు ఒక పిల్లగాడు, ఇప్పుడు దేవరకొండ దిక్కు టీచర్‌గా ఉన్నడు, ‘సార్, ఆ పిల్లకు గాలి అందిందంటరా?’ అని అడిగిండు. క్లాసులో శ్వాస వ్యవస్థ గురించి గంటలు గంటలు చెప్పిన నాకు ఆ పూట జవాబు దొరకలేదు.

ఒడ్డున చాయ్ తాగుతుంటే మా బోటు నడిపిన ముసలాయననే అడిగిన, గంత దగ్గరికి ఎందుకు తెచ్చినవని. దక్షిణ ఒడిశాలో చాలామందికి కొంచెం తెలుగు వస్తది. ‘చూపిస్తేనే పైసలని మీరే కదా బాబూ అన్నది’ అన్నడు. అంతే అన్నడు.

ఇప్పుడు ఆ జంతువు సంగతి చెప్తా. అది తెలిస్తే నీ గైడ్లు ఏం చూపించాలో, ఏం ఆశించాలో తెలుస్తది. టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే డాల్ఫిన్ ఇది కాదు. దీన్ని ఇరవాడి డాల్ఫిన్ అంటరు. బర్మాలోని నది పేరు అది. మూతి ముందుకు పొడుచుకొని ఉండదు, తల గుమ్మడికాయలెక్క గుండ్రం. రంగు బూడిద రంగు. వీపు మీద రెక్క బొటనవేలంత కనబడతదంతే. నీళ్లు కదలకుండ ఉంటే తప్ప గుర్తుపట్టుడే కష్టం. తేలుతది, గాలి పీలుస్తది, మునుగుతది. నీ టూరోళ్లు ఎగురుతదని ఎదురుచూస్తే ‘ఏందిది, గిదేనా’ అంటరు. ఆ మాట వినగానే బోటువాడు ఇంకా దగ్గరికి తోలుతడు. అందుకే బస్సులోనో రైల్లోనో ముందే చెప్పాలె: కనబడేది ఒక వీపు, రెండు సెకండ్లు. దానికి సిద్ధంగా వచ్చినోడు సంబరపడతడు.

ఒక చిన్న ముచ్చట. ఈ జాతికి పేరు బర్మా నదిదే గాని, శాస్త్రవేత్తల ముందుకు అది మొదట వచ్చింది మన తెలుగు నీళ్ల నుంచి. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక డాల్ఫిన్‌ను ఆధారం చేసుకొని లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతిని వర్ణించిండు. దాన్ని సేకరించింది వాల్టర్ ఎలియట్ అన్న దొర. ఆయనే 1845లో అమరావతి స్తూపం తవ్వించి ఆ సున్నపురాతి శిల్పాలు తీయించింది. మన కృష్ణ ఒడ్డు శిల్పాలను తవ్వించింది, మన తీరం డాల్ఫిన్‌ను సేకరించింది ఒకే మనిషి అన్నట్టు. నీ గైడ్లకు ఇది చెప్పు, రైల్లో పొద్దుపోతది.

చిలికాలో ఇవి ఎన్ని ఉన్నయంటే, ఈ మధ్య లెక్కల్లో 150 అటూఇటూ. సరస్సు చూస్తే వెయ్యి చదరపు కిలోమీటర్లకు అటూఇటూ ఉంటది, వానకాలంలో పెరుగుతది. అంత నీళ్లలో మీ బజారులో ఒక పెండ్లికి వచ్చే జనమంత కూడ లేవు. ఆడది ఒక్క ఈతకు ఒక్క పిల్లనే కంటది, కడుపుతో ఏడాదికి పైనే ఉంటది. అంటే ఒక పిల్ల పోతే దాని లోటు తీరాలంటే ఏండ్లు పడతది. ఇంకో సంగతి, ఇవి అన్ని చోట్లా ఉండవు. ఎక్కువగా సముద్రం నీళ్లు వచ్చి కలిసే కాలువ దిక్కు, అంటే సాతపాడ పక్కనే తిరుగుతయి. టూరిస్టు బోట్లు తిరిగేది కూడ అక్కడే. అందరం ఒకే ఇంటి వాకిట్లో పోయి కూర్చున్నట్టు.

చప్పుడు సంగతి కొంచెం విప్పి చెప్తా, ఎందుకంటే మనోళ్లు ‘తాకలేదు కదా, దూరంనుంచే చూసినం కదా’ అంటరు. చిలికా నీళ్లు లోతు తక్కువ, మడ్డి. కంటితో చూసి చేపను పట్టుడు కాదు. ఈ డాల్ఫిన్ టక్‌టక్ మని శబ్దం చేసి, అది తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి చేప ఎక్కడుందో, పిల్ల ఎక్కడుందో తెలుసుకుంటది. శబ్దం గాలిలో సెకండుకు దాదాపు 340 మీటర్లు పోతే నీళ్లలో 1500 మీటర్లు పోతది. పొడుగు కడ్డీ కొసకు పంకా ఉండే ఇంజన్ పెట్టిన ఒక్క బోటు వస్తుంటే, మనం పెండ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు. ఏడు బోట్లు వస్తే ఎట్లుంటదో నువ్వే ఊహించుకో.

చప్పుడు తగ్గితే ఏమైతదో తెలిసింది ఒక దుఃఖం వల్ల. 2001 సెప్టెంబర్ 11న అమెరికాలో దాడులు జరిగినంక కొన్ని రోజులు కెనడా పక్కన ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు బాగా తగ్గినయి. అప్పటికే అక్కడ తిమింగలాల పెంట సేకరించి పరీక్షలు చేస్తున్న పరిశోధకులు తర్వాత లెక్కలు కలిపి చూస్తే, సముద్రంలో చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గింది, ఆ తిమింగలాల్లో ఒత్తిడి హార్మోన్లు కూడ తగ్గినయి. అంటే మామూలు రోజుల్లో అవి ఒత్తిడిలోనే బతుకుతున్నయన్నట్టు, మనకు పైకి కనబడదు.

ఇంకోటి. ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట డాల్ఫిన్లను ఏండ్ల తరబడి ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి లెక్క రాసేటోళ్లున్నరు. అక్కడ చూపించే టూరు బోటు ఒకటి ఉండె, తర్వాత రెండు అయినయి. రెండు అయినంక బోట్లు తిరిగే ఆ ప్రాంతంలో డాల్ఫిన్లు సగటున దాదాపు 15 శాతం తగ్గినయని 2006లో ప్రచురించిన్రు. ఒకటి ఉన్నప్పుడు తేడా పెద్దగ లేదు, రెండోది రాంగనే వచ్చింది. చచ్చిపోయినయని కాదు, తట్టుకోలేనివి అక్కడినుంచి తప్పుకున్నయి. టూరిస్టుకు మాత్రం ఆ రోజు గూడ డాల్ఫిన్లు కనబడుతనే ఉంటయి. ‘రోజూ కనబడుతున్నయి కదా, ఏం కాలే’ అన్న బోటువాళ్ల మాటను అందుకే నమ్మొద్దంటున్న.

దూరం ఎంత అంటే, ఒక్కో దేశం ఒక్కో లెక్క పెట్టుకుంది. న్యూజిలాండ్‌లో 1992 నాటి నిబంధనల ప్రకారం తిమింగలానికి 50 మీటర్ల లోపు బోటు పోవద్దు, 300 మీటర్ల లోపు ఒకేసారి మూడింటికి మించి బోట్లు ఉండొద్దు. అమెరికాలో తిమింగలాలకు వంద గజాలు, డాల్ఫిన్లకు యాభై గజాలు అని చెప్తరు. మన దగ్గర మీటర్ల గొడవకంటే ముందు చట్టం ఉన్నది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో ఇరవాడి డాల్ఫిన్ మొదటి షెడ్యూలులో ఉంది, పులి ఉన్న షెడ్యూలే. ఆ చట్టం ‘వేట’ అన్న మాటకు చెప్పిన అర్థంలో చంపుడే కాదు, తరుముడు, ఎర వేసుడు కూడా ఉన్నయి. నీ పాంప్లెట్ ఒకరోజు ఎవరన్నా లాయరు చేతిలో పడితే ఆ లైను ఎట్ల కనబడతదో ఆలోచించుకో.

నాకు బాగా నచ్చిన సూత్రం మాత్రం మీటర్లలో లేదు. అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ అని ఒకటుంది, 1946 ఒప్పందంతో పుట్టింది. పేరులోనే వేట ఉన్నట్టు, ఎన్ని చంపొచ్చో లెక్క తేల్చుకునేటందుకు పెట్టుకున్నదే అది. వ్యాపారం కోసం చంపుడు ఆపాలని 1982లో తీర్మానం చేసింది. అదే కమిషన్ 1996లో చూసేటోళ్లకు కొన్ని సూత్రాలు రాసింది. అందులో ఒకదాని సారం ఏందంటే, మనిషితో ఎంతసేపు, ఎట్ల మెలగాలనేది ఆ జంతువే తేల్చుకునేటట్టు వదిలెయ్యాలె. అది దగ్గరికి వస్తే రానియ్. పోతే పోనియ్. దాని దారికి అడ్డం పోవద్దు, వెనక నుంచి తరమొద్దు, తల్లీపిల్ల మధ్యలకు రావొద్దు. పక్కన సమానంగా, మెల్లగ పోవచ్చు. అన్నిటికంటె మంచిది ఇంజన్ బంద్ చేసి ఊకె ఉండుడు.

అది చేసి చూసిన. ఆ ఏడు బోట్ల టూరు అయిన రెండేండ్లకు మళ్ల పోయినం. ఈసారి బేరం తిప్పి పెట్టిన: కనబడ్డా కనబడకపోయినా పూర్తి కిరాయి ముందే ఇస్త, ఇంజన్ ఇరవై నిమిషాలు ఆపితే పైన ఇంకొంత ఇస్త, దగ్గరికి తోలితే ఆ పైకం ఉండదు. ఆ మాట పిల్లలందరి ముంగట, బోటు ఎక్కకముందే చెప్పిన. బోటు మనిషి నన్ను వింతగ చూసిండు, తర్వాత నవ్విండు. కాలువ మధ్యలో ఇంజన్ ఆపినం. మొదటి ఐదు నిమిషాలు మా పిల్లలకు ఓపిక లేదు, గుసగుసలు. పదో నిమిషానికి సద్దుమణిగిన్రు. అప్పుడు వినబడ్డది, సైకిల్ ట్యూబు గాలి తీసినట్టు ‘ఫుస్స్’ అని. కనబడక ముందు వినబడ్డది. తర్వాత ఇంకోటి, బోటుకు అవతల దిక్కు. ఆ పొద్దు ఎన్ని చూసినమో లెక్క పెట్టలేదు, ఇన్నామంటే మాత్రం అందరం ఇన్నాం. ఇంజన్ నడుస్తుంటే ఆ ఊపిరి ఎప్పటికీ వినబడదు. నీ టూరులో ఎవరూ అమ్మని వస్తువు ఏదన్నా ఉందంటే అదే. ‘కనబడొచ్చు, కనబడకపోవచ్చు. మా బోటు వాటిని తరమదు. ఇరవై నిమిషాలు ఇంజన్ ఆపి కూర్చుంటం’ అని రాయి పాంప్లెట్‌లో. నవ్వేటోళ్లు నవ్వుతరు, వచ్చేటోళ్లు వస్తరు.

నువ్వొక మాట అడగొచ్చు: ‘న్యూజిలాండ్‌లో కైకోరా అనే ఊర్లో తిమింగలం కనబడకపోతే 80 శాతం పైసలు తిరిగి ఇస్తరంట కదా సార్, మరి అది గ్యారంటీ కాదా?’ మంచి ప్రశ్నే. ఆ కంపెనీని 1987లో అక్కడి మావోరీలు మొదలుపెట్టిన్రు, ఇండ్లు కుదువపెట్టి మొదటి బోటు కొన్నరు. వాళ్ల వాపసుకు, నీ వాపసుకు తేడా ఎక్కడున్నదంటే, ఆ నష్టం కంపెనీ మొత్తం మీద పడతది. బోటు నడిపేటోడు జీతగాడు, ఆయన జేబు నుంచి పోదు, పైగా దూరం నిబంధనలు నెత్తి మీద ఉన్నయి. నువ్వు వాపస్ ఇస్తానంటే నీ లాభంలో నుంచి ఇయ్యి, బోటు మనిషి కూలిలో నుంచి కోయకు. అట్ల చేయగలిగితే ఆ లైను ఉంచుకో, నాకేం అభ్యంతరం లేదు. చేయలేవని నా అనుమానం.

ఇంకో చిక్కు నువ్వు చూసుకోలేదు. నలభై మందంటే ఎనిమిది మంది చొప్పున ఐదు బోట్లు. వేరేవాళ్లెవరూ రాకపోయినా నీ బోట్లే ఒక తల్లిని చుట్టేస్తయి. అందుకే రెండు జట్లు చెయ్యి. ఒక జట్టు రెండు బోట్లలో పొద్దున ఏడింటికే పోవాలె, గాలి లేవకముందు నీళ్లు అద్దంలెక్క ఉంటయి, అప్పుడే ఆ చిన్న రెక్క కనబడతది. రెండో జట్టు అప్పటిదాక సాతపాడలోని సందర్శకుల కేంద్రం చూసి, టిఫిన్ చేసి, తర్వాత మిగతా మూడు బోట్లలో పోతది. ఏ రెండు బోట్లూ ఒకే దిక్కు పోవద్దని చెప్పు. సరస్సు సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీద దించుతరు. అక్కడ నీ ముంగటనే ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీసి అమ్మేటోళ్లు ఎదురైతరు. కొనొద్దని మీ ఆడవాళ్లకు ముందే చెప్పు, తర్వాత నన్ను అనొద్దు.

మనోళ్లు చేసే పెద్ద పొరపాటు స్టేషన్ దగ్గరే మొదలైతది. విశాఖ ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, మిర్యాలగూడ మీదుగనే భువనేశ్వర్ పోతది, మంచిదే. దారిలో బాలుగావ్ అని స్టేషన్ వస్తది, పక్కనే సరస్సు కనబడతది. ‘చిలికా వచ్చింది దిగుండ్రి’ అని దిగుతరు. అది బర్కుల్ దిక్కు. కాళీజాయి అమ్మవారి గుడి ఉన్న దీవికి అక్కడినుంచి పోతరు, గుడి బాగుంటది, డాల్ఫిన్లు మాత్రం ఆ దిక్కు అరుదు. నువ్వు ఖుర్దా రోడ్‌లో దిగి పూరీ పో, జగన్నాథుని దర్శనం కూడ అయితది. అక్కడినుంచి సాతపాడ యాభై కిలోమీటర్లు. ఇంకోటి, సరిగ్గా సంక్రాంతి రోజు పెట్టుకోకు. కాళీజాయి దగ్గర మకర సంక్రాంతికి పెద్ద జాతర, ఒడిశా జనమంతా చిలికా మీదనే ఉంటరు. ఒక వారం జరుపుకో. వీలైతే మంగళాజోడి అనే ఊరు కూడ కలుపు. ఒకప్పుడు పక్షులను వేటాడిన ఊరోళ్లే ఇప్పుడు కాపలా కాస్తున్నరు, ఇంజన్ లేని పడవను గెడతో నెట్టుకుంట పక్షులను చూపిస్తరు. నిశ్శబ్దంగా చూసుడు ఎట్లుంటదో మీవాళ్లకు అక్కడ ముందే అలవాటైతే సాతపాడలో నీకు సగం పని తగ్గుతది.

ముట్టుకునే సంగతి: వద్దు, వద్దే వద్దు. మేత కూడ వెయ్యొద్దు. ఆస్ట్రేలియాలోనే మంకీ మియా అనే చోట ఒడ్డుకు వచ్చే డాల్ఫిన్లకు చేతితో చేపలు పెట్టిన్రు, ఏండ్లకేండ్లు. ఆ తల్లుల పిల్లలు మిగతావాటి పిల్లలకంటే ఎక్కువ చచ్చిపోతున్నయని తేలినంక పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. తల్లి మేత కోసం ఒడ్డున నిలబడితే పిల్లకు పాలు, కాపలా, వేట నేర్పుడు అన్నీ తక్కువైతయి. డాల్ఫిన్ షో అని ఎవరన్నా అడిగితే, మన దేశంలో 2013 మేలోనే కేంద్రం వాటిని వద్దన్నదని చెప్పు.

శ్రీలంక గురించి క్లుప్తంగా. మిరిస్సా నుంచి నవంబర్, ఏప్రిల్ మధ్య నీలి తిమింగలాలు చూడొచ్చు, భూమి మీద ఇంతకంటే పెద్ద జంతువు లేదు. కాని అక్కడ వాటికి పెద్ద ఆపద టూరిస్టు బోటు కాదు. దీవి దక్షిణం కొసన పోయే ఓడల దారి, తిమింగలాలు మేసే చోటు ఒకటే. ఓడ తగిలి చచ్చిపోతున్నయి. 2022లో ఎమ్మెస్సీ అనే పెద్ద కంటైనర్ ఓడల కంపెనీ తన ఓడలను 15 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 28 కిలోమీటర్లు దక్షిణానికి జరుపుకుంది. మిగతావాళ్లందరూ జరిగితే బాగుండు. టూరు పెట్టు, కాని ఒక్క చిలికా టూరు సరిగ్గా చేసినంకనే పెట్టు. అక్కడ 100 మీటర్ల దూరం నిబంధన ఉన్నది, దాన్ని పాటించే బోటు ఏదో తెలుసుకొని మాట్లాడాలె. మిరిస్సాలో సముద్రం మధ్యకు పోవాలె, వాంతులైతయి. వాంతులంటే గుర్తుకొచ్చింది: ‘తిమింగలం వాంతి, కిలో కోటి రూపాయలు’ అని వాట్సాప్‌లో ఏదన్నా వస్తే జోలికి పోకు, మన దేశంలో దాన్ని అమ్మినా కొన్నా కేసే.

ఇగ టూరిస్టులను ఇంతసేపు తిట్టిన కాబట్టి ఒకటి న్యాయంగా చెప్పాలె. ప్రపంచంలో తిమింగలాలను, డాల్ఫిన్లను ఎక్కువ చంపుతున్నది మనలాంటి చూసేటోళ్లు కాదు, వలలు. చేపల కోసం వేసిన వలల్లో చిక్కి ఏటా మూడు లక్షలకు పైగా చస్తున్నయని అంచనా. చిక్కినది పైకి వచ్చి గాలి పీల్చలేదు, మునిగే చస్తది. చిలికాలో కూడ వలల బెడద ఉంది. దానికి తోడు రొయ్యల కోసం సరస్సు లోపలనే వలలతో, కర్రలతో దడి కడతరు, ఘేరీలంటరు. దడి కట్టిన మేరకు డాల్ఫిన్ తిరిగే చోటు తగ్గినట్టే. ప్రభుత్వం పీకిస్తది, మళ్ల కడతరు. టూరుకు పోయి డాల్ఫిన్‌ను చూసి మురిసి, రాత్రి హోటల్లో ‘చిలికా రొయ్యలు’ అని లొట్టలేసుకుంట తింటరు మనోళ్లు. నేను కూడ తిన్న, దాచుడెందుకు. కాని అక్కడ టూరిస్టుల మీద బతికే బోటు కుటుంబాలు ఎన్ని ఎక్కువైతే డాల్ఫిన్ బతికి ఉండాలని కోరుకునేటోళ్లు అన్ని ఎక్కువైతరు. అందుకే టూరు మానుకొమ్మని నీకు చెప్తలేను. ఆ బోటు మనిషి గౌరవంగ బతకాలె, తరమకుండ బతకాలె. ఆ రెండూ నీ బేరం పద్ధతిలోనే ఉన్నయి.

మన సాగర్ సంగతి చివరికి పెట్టిన. కృష్ణలో డాల్ఫిన్లు లేవు. మన దేశంలో నదిలో ఉండేవి గంగ, బ్రహ్మపుత్ర దిక్కు ఉన్నయి. సింధు జాతివి పంజాబ్‌లోని బియాస్‌లో మూడే మూడు మిగిలినయని 2025లో వచ్చిన లెక్క, గంగ జాతివి 6324. కాని సాగర్ నుంచి శ్రీశైలం దిక్కు పోయే లాంచీలో పోతే, రెండు పక్కల కొండలు దగ్గరికొచ్చే చోట, బండల మీద నీటికుక్కలు కనబడొచ్చు. గుంపుగా ఉంటయి, పిల్లులెక్క ఒకదాన్ని ఒకటి రాసుకుంటయి, మనిషిని చూస్తే తల ఎత్తి ‘ఏంరా’ అన్నట్టు చూస్తయి. మొసళ్లు కూడ ఎండకు పడుకుంటయి. ఒడ్డంతా పులుల అభయారణ్యమే. అక్కడ గూడ లాంచీలో మైకు పెట్టి పాటలు వేస్తరు, అప్పుడు ఒక్క నీటికుక్క కూడ కనబడదు.

నువ్వు చిలికా టూరుకు ముందు, నీ గైడ్లు నలుగురిని తీసుకొని హాలియా మీదుగ సాగర్ పో. ఒక పొద్దున లాంచీవాళ్లను బతిమిలాడి ఆ ఒక్క ట్రిప్పుకు మైకు బంద్ పెట్టియ్యి. ఏం కనబడుతదో, కనబడకపోతే మీవాళ్లు ఎట్ల మాట్లాడుతరో చూడు. నీళ్ల మీద ఊకె కూర్చునే ఓపిక వాళ్లకు ఉందా లేదా అక్కడే తేలిపోతది, సాతపాడలో తేలాల్సిన పని లేదు.

టూరులో సకినాలు, సర్వపిండి స్టీలు డబ్బాల్లో పెట్టుకోమను, కవర్లు గాలికి నీళ్లలో పడతయి. పొద్దున ఏడింటికి బోటు మీద చలి బాగుంటది, చిన్న పిల్లలకు మంకీ క్యాపులు, అందరికీ లైఫ్ జాకెట్లు. జాకెట్లు తక్కువుంటే ఆ బోటు ఎక్కకండి, బేరం పోతే పోయింది. రైలు టికెట్లు మాత్రం ఇవ్వాళ్టికివ్వాళ చేయించు. సంక్రాంతి దాటినంక వాపస్ వచ్చే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో నలభై బెర్తులు ఒక్క దగ్గర దొరకవు.